పెద్ద పరిశ్రమలు చిన్నవైపోతున్నాయా? ఫర్నేస్ పెడతానంటున్న బావ కోసం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. ఉక్కు, సిమెంటు లాంటి భారీ పరిశ్రమలన్నీ ఇప్పుడు చిన్న ప్లాంట్ల వైపు వస్తున్నాయంటున్నారు, నిజమేనా అనేది మొదటిది. కువైట్ నుంచి వచ్చేసిన మీ బావ, పద్దెనిమిదేళ్లు దాచుకున్న డబ్బుతో ముద్దనూరు, తాడిపత్రి మధ్య ఎక్కడో ఇండక్షన్ ఫర్నేస్ (కరెంటుతో ఇనుము కరిగించే కొలిమి) పెట్టి టీఎంటీ కమ్మీల వ్యాపారంలో దిగుతానంటున్నాడు, దిగమనాలా వద్దా అనేది రెండోది. "కడప స్టీల్ ప్లాంటే 10 లక్షల టన్నులకు దిగింది, ఇక చిన్నోళ్లదే కాలం" అని ఆయన వాదన అని రాశావు.

మొదటిదానికి నా జవాబు సగం నిజం అని. రెండోదానికి, కమ్మీలకైతే వద్దని. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నా గురించి రెండు ముక్కలు. 1988లో డిప్లొమా చేతపట్టుకుని ఒక మినీ సిమెంట్ ప్లాంట్‌లో చేరాను. అది మూతపడ్డాక యర్రగుంట్ల వైపు ఒక పెద్ద సిమెంట్ ఫ్యాక్టరీ కిల్న్ (రాతిపొడిని కాల్చే తిరిగే బట్టీ) సెక్షన్‌లో పదమూడేళ్లు. ఆ తర్వాత హిందూపురం దగ్గర ఒక స్టీల్ యూనిట్‌లో మెల్టింగ్ షాప్ చూసుకున్నాను. చిన్నది, పెద్దది, మళ్లీ చిన్నది, మూడూ చూశాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటిపట్టునే ఉంటూ, ఎవరైనా పిలిస్తే వెళ్లి చూసొస్తుంటాను.

ఈ పరిశ్రమలు అసలు ఎందుకు పెద్దవయ్యాయో ముందు పట్టుకోవాలి. ఇంట్లో నలుగురికి సంగటి చేయడానికి కొన్ని కట్టెలు కాలతాయి కదా. జాతరలో నాలుగొందల మందికి చేస్తే వంద రెట్లు కట్టెలు కాలవు, అందులో ఎన్నో వంతుతోనే అయిపోతుంది. కుండ పెద్దదయ్యే కొద్దీ లోపల పట్టే సరుకు పెరిగినంతగా, వేడి బయటికి పోయే పైభాగం పెరగదు. బట్టీ అయినా, కిల్న్ అయినా, ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ అయినా ఇదే లెక్క. డబ్బు విషయంలో కూడా అంతే. ప్లాంట్ల అంచనాలు వేసేవాళ్ల దగ్గర ఒక మోటు సూత్రం ఉంటుంది: సామర్థ్యం రెట్టింపు చేస్తే కట్టుబడి ఖర్చు రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు అవుతుంది. పది రెట్లు చేస్తే సుమారు నాలుగు రెట్లు. అందుకే వందేళ్లకు పైగా ప్రపంచమంతా ప్లాంట్లను పెంచుకుంటూనే పోయింది. విశాఖ ఉక్కు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. అంత పెద్దది కట్టడం డాబు కోసం కాదు.

ఈ సూత్రాన్ని కాదని చిన్నగా కడితే ఏమవుతుందో నా మొదటి ఉద్యోగంలోనే చూశాను. ఎనభైల్లో సిమెంటుకు దేశమంతా కరువు. 1982లో ప్రభుత్వం సిమెంటు మీద కంట్రోలు సగం ఎత్తేసింది, మినీ ప్లాంట్లకు పన్ను రాయితీలు ఇచ్చింది. సున్నపురాయి ఉన్న చోటల్లా రోజుకు 50 టన్నులు, 100 టన్నులు తీసే ప్లాంట్లు లేచాయి. వాటిలో చాలావాటికి పడుకుని తిరిగే పొడవాటి కిల్న్ ఉండదు. నిలువు బట్టీ ఉంటుంది, మన సున్నపు బట్టీకి పెద్దన్న లాంటిది. రాతిపొడిలోనే బొగ్గుపొడి కలిపి, తిరిగే పళ్లెంలో నీళ్లు చల్లుతూ నువ్వుండల్లా ఉండలు కట్టి పైనుంచి వేస్తాం. కింద నుంచి గాలి కొడతాం. దిగువన క్లింకర్ వస్తుంది, అంటే కాలిన ఉండలు, వాటిని రుబ్బితేనే సిమెంటు.

చెప్పడానికి బాగుంటుంది. కానీ అంచుల దగ్గర గాలి ఎక్కువ, నడుమ తక్కువ. ఒక పక్క ఉండలు మాడి ముద్దకడతాయి, ఇంకో పక్క పచ్చిగా దిగుతాయి. షిఫ్టు మొదట్లో నేను చేసే పని ఒకటుండేది. దిగిన క్లింకర్‌లోంచి ఓ ఉండ తీసి బూటు మడమ కింద పగలగొట్టేవాణ్ని. లోపల నల్లగా, మెరుస్తూ ఉంటే సరి. పసుపచ్చగా ఉంటే ఉడకలేదని. పచ్చిది రుబ్బి అమ్మితే అందులో మిగిలిన సున్నం గోడలోకి పోయాక నీళ్లు తాగి ఉబ్బుతుంది, ప్లాస్టరింగ్ పగుళ్లిస్తుంది. ల్యాబ్‌లో దానికి ఒక చిన్న ఇత్తడి అచ్చు పరీక్ష ఉంది, కానీ మడమ పరీక్ష రోజూ ముందే చెప్పేసేది. మా బట్టీకి కిలో క్లింకర్‌కు 900 కిలో కేలరీలకు పైనే కాలేది. ఆ తర్వాత నేను పనిచేసిన పెద్ద కిల్న్‌కు ఎత్తైన ప్రీహీటర్ టవర్ ఉండేది, పోయే వేడిగాలి లోపలికొచ్చే పొడిని కాచేది. అక్కడ 750 లోపే. ఒక్కో కిలో మీద ఆ తేడా పెద్దది కాదనిపిస్తుంది, రోజుకు వేల టన్నులు చేసి చూడు. 1989లో కంట్రోలు పూర్తిగా పోయింది, పెద్దవాళ్లు సామర్థ్యం పెంచారు, ధర దిగింది. మా ప్లాంటు జీతాలు మూడు నెలలు ఆపి, నాలుగో నెల గేటు ఆపింది.

కాబట్టి చిన్నదంటేనే మంచిదని ఎవరన్నా అంటే నాకు ఆ పసుపచ్చ ఉండ గుర్తొస్తుంది. చైనాలో 1958లో ఊరూరా పెరటి కొలుములు పెట్టి ఉక్కు తీయమన్నారు. వచ్చిన ఇనుములో చాలాభాగం ఎందుకూ పనికిరాలేదు, పైగా వంటపాత్రలు కరిగిపోయాయి, పొలం పనులు ఆగిపోయాయి. వేడి మీద నడిచే మెట్టును ఉన్నది ఉన్నట్టు కుదించి చేస్తే జరిగేది అదే.

మరి ఉక్కులో చిన్న ప్లాంట్లు ఎలా గెలిచాయి? అవి పెద్ద ప్లాంటును కుదించలేదు, గొలుసును ఒక చోట తెంచాయి. నా జవాబంతా ఇక్కడే ఉంది తమ్ముడూ, మీ బావకు ఇదొక్కటి అర్థమైతే చాలు.

పెద్ద ఉక్కు కర్మాగారంలో జరిగేదేంటో చూడు. బొగ్గును గాలి తగలకుండా కాచి కోక్ చేయాలి, ఖనిజపు పొడిని వేడితో గడ్డకట్టించి సింటర్ చేయాలి, బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము తీయాలి, కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది ఉక్కు చేయాలి, తర్వాత పోత, రోలింగ్. మొదటి మూడు మెట్లూ పెద్దవిగా ఉంటేనే గిట్టుబాటు. పైగా బ్లాస్ట్ ఫర్నేస్ ఒకసారి వెలిగిస్తే పదిహేను, ఇరవై ఏళ్లు ఆర్పకుండా నడవాలి. మార్కెట్ బాగాలేదని ఆదివారం ఆపి సోమవారం వెలిగించేది కాదు. అయితే ఆ మూడు మెట్ల పనీ ఇంతకుముందే ఎవరో చేసి పెట్టిన సరుకు ఒకటుంది, అదే పాత ఇనుము. ఖనిజంలో ఇనుమును పట్టుకుని ఉండే ఆక్సిజన్‌ను తీసేసే పని తుక్కు విషయంలో ఎప్పుడో అయిపోయింది. నువ్వు కరిగించి, శుభ్రం చేసి, పోత పోస్తే చాలు. అమెరికాలో న్యూకోర్ అనే కంపెనీ 1969లో సౌత్ కరోలినాలోని డార్లింగ్టన్‌లో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌తో (కరెంటు మెరుపుతో కరిగించే కొలిమితో) ఇదే మొదలుపెట్టింది. మొదట చవక సరుకు, కడ్డీలూ యాంగిళ్లూ. పెద్ద కంపెనీలు ఆ మార్కెట్‌ను పోతే పోనీ అని వదిలేశాయి. 1989లో అదే న్యూకోర్ ఇండియానా రాష్ట్రంలో 50 మిల్లీమీటర్ల పలచటి స్లాబ్‌ను (ఉక్కు దిమ్మను) నేరుగా పోసే యంత్రం పెట్టింది. అప్పటిదాకా స్లాబ్ అంటే 200 మిల్లీమీటర్ల పైమాటే, దాన్ని రేకు చేయడానికి చాలా పొడుగైన రోలింగ్ మిల్లు కావాలి. స్లాబ్ పలచబడేసరికి మిల్లు కురచైంది, పెట్టుబడి తగ్గింది, కార్లకు, ఫ్రిజ్‌లకు వాడే రేకు మార్కెట్‌లోకి కూడా చిన్నవాళ్లు వచ్చేశారు. ఇప్పుడు అమెరికా ఉక్కులో సుమారు 70 శాతం కరెంటు ఫర్నేస్‌ల నుంచే వస్తోంది.

అయితే అమెరికాలో పాత కార్లు, పాత వంతెనలు, పాత ఫ్రిజ్‌లు గుట్టలుగా ఉన్నాయి. తుక్కు అనేది కూడా ఒక గనే. మన దేశం ఉక్కు వాడటం మొదలుపెట్టి ఎన్నేళ్లని? మనకు అంత తుక్కు లేదు. ఆ లోటును స్పాంజ్ ఐరన్‌తో పూడ్చుకున్నాం. కోకింగ్ బొగ్గు అక్కర్లేకుండా మామూలు బొగ్గుతో, తిరిగే కిల్న్‌లో, ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుముగా మార్చే పద్ధతి అది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ఈ దారిలో దేశానికి తొలి అడుగు. ఆ దారినే తర్వాత బళ్లారి చుట్టూ రోజుకు 100 టన్నుల కిల్న్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి. మన దేశపు ఉక్కులో ఇవాళ సగానికి పైగా ఎలక్ట్రిక్, ఇండక్షన్ ఫర్నేస్‌ల నుంచే వస్తోంది. కాబట్టి మీ బావ చెప్పే 'చిన్నోళ్ల కాలం' ఇప్పుడు మొదలవుతున్నది కాదు, వచ్చి చాలా కాలమైంది. అంటే అందులో పోటీ కూడా అంత పాతదే.

కడప స్టీల్ ప్లాంట్ సంగతి. మన జిల్లాలో శంకుస్థాపన రాళ్లకు కొదవ లేదు, నాపరాయికి పేరున్న చోటు కదా. 2007లో బ్రాహ్మణి పేరుతో జమ్మలమడుగు దగ్గర ఏడాదికి కోటి టన్నుల మాట విన్నాం. 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో ఒక రాయి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో ఇంకో రాయి, రెండుసార్లూ 30 లక్షల టన్నులన్నారు. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూ కంపెనీ భూమిపూజ సున్నపురాళ్లపల్లెలోనే, మొదటి దశ 10 లక్షల టన్నులు. కోటి, 30 లక్షలు, 10 లక్షలు. ఈ వరస చూసి చిన్నతనమే ఫ్యాషన్ అయిందని మీ బావ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ అది చిన్న ప్లాంటు కాదు, పెద్దదాన్ని వాయిదాల్లో కట్టడం. డబ్బు ఒకేసారి ఇరుక్కోకుండా, మొదటి దశ అమ్మకాలు చూసుకుని రెండో దశకు పోవడం. ఒక లెక్క వేసి చూడు: 8 టన్నుల ఇండక్షన్ ఫర్నేస్ రోజుకు 10 హీట్లు (కరిగించే విడతలు) తీస్తే 80 టన్నులు, 300 రోజులకు 24 వేల టన్నులు. ఆ 'చిన్న' మొదటి దశ అలాంటి ఫర్నేస్‌లు నలభైకి సమానం.

నిజంగా చిన్నదిగా కట్టి నిలబడిన ఉదాహరణ కావాలంటే తాడిపత్రికి వెళ్లు. అక్కడి స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్ ఉన్నదే, కానీ సామర్థ్యం 3 లక్షల టన్నుల పైచిలుకు, విశాఖలో ఇరవయ్యో వంతు కూడా కాదు. వేడి లెక్క ప్రకారం అది ఎప్పుడో మూతపడాలి. పడలేదెందుకంటే దాని పేరు నిలిచింది కమ్మీల వల్ల కాదు, వాహనాల గేర్లకు, షాఫ్ట్‌లకు వాడే స్పెషల్ స్టీల్ వల్ల. ఒక్కో ఆర్డరు కొన్ని వందల టన్నులు, ఒక్కోదానికి ఒక్కో కెమిస్ట్రీ. లక్షల టన్నులు ఒకే రకం పోసేవాడికి అది తలనొప్పి. అయినా ఆ ప్లాంటు చేతులు ఎన్ని మారిందో చూడు. బ్రెజిల్ వాళ్ల గెర్డావ్ నడిపింది, తర్వాత అర్జాస్ అయింది, 2024లో సండూర్ మాంగనీస్ కొన్నది. సండూర్ వాళ్లకు పక్క జిల్లాలో సొంత ఇనుప గనులు, మాంగనీస్ గనులు ఉన్నాయి. చివరికి కొన్నవాడు గనులున్నవాడు. దీన్ని మీ బావకు రెండుసార్లు చదివి వినిపించు.

గొలుసు తెంచడం అన్నాను కదా, సిమెంటులో అది ఇంకో రకంగా జరిగింది. కిల్న్‌ను చిన్నది చేయడం కుదరలేదు, మా ప్లాంటే సాక్ష్యం. కానీ క్లింకర్‌ను రుబ్బే పనికి వేడితో సంబంధం లేదు, దాన్ని విడదీయొచ్చు. టన్ను క్లింకర్‌కు టన్నున్నర సున్నపురాయి కావాలి, కాబట్టి కిల్న్ రాయి దగ్గరే ఉండాలి: యర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల. క్లింకర్‌ను మాత్రం రైల్లో పంపి, అమ్ముడుపోయే చోట, బూడిద దొరికే చోట చిన్న గ్రైండింగ్ యూనిట్‌లో రుబ్బుతారు. పీపీసీ రకం సిమెంటులో 35 శాతం దాకా ఫ్లైయాష్, అంటే థర్మల్ కేంద్రాల బూడిద, కలపొచ్చు. మన ముద్దనూరు ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం 1650 మెగావాట్లది, దాని బూడిద ఎటు పోతోందో ఆ రోడ్డు మీద లారీలు చూస్తే తెలుస్తుంది. సిమెంటు రంగంలో కొత్తగా వచ్చే 'చిన్న ప్లాంట్' అంటే ఎక్కువగా ఇదే.

ఇంకో రకం కూడా ఉంది, అసలు చిన్నచిన్న ముక్కలుగానే పుట్టినవి. కర్నూలు గొందిపర్ల దగ్గరి ఆల్కలీస్ ఫ్యాక్టరీలో ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు. అక్కడ జరిగే పనంతా వరసగా పేర్చిన సెల్స్‌లో, అంటే చిన్న చిన్న కరెంటు గదుల్లో. ఎక్కువ కావాలంటే సెల్ సైజు పెంచరు, సెల్స్ సంఖ్య పెంచుతారు. ఓర్వకల్లు పైన గని, శకునాల అనే ఊళ్ల దగ్గరి సోలార్ పార్కు 1000 మెగావాట్లది, కానీ అందులో పెద్ద యంత్రం అంటూ ఏదీ లేదు, లక్షల పలకలు. ఒక పలక చెడితే ఒక పలకే ఆగుతుంది. ఆర్టీపీపీలో 600 మెగావాట్ల యూనిట్ ట్రిప్ అయితే 600 మెగావాట్లూ పోతాయి. కోవిడ్ రెండో వేవ్ తర్వాత జిల్లా ఆసుపత్రుల్లో పెట్టిన, గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసే పీఎస్‌ఏ ప్లాంట్లు కూడా చూసే ఉంటావు. స్టీల్ ప్లాంట్ల దగ్గర గాలిని అతి శీతలం చేసి 99 శాతం పైన స్వచ్ఛత తీస్తారు, దానికి పెద్ద ప్లాంటే కావాలి. రోగికి 93 శాతం చాలు, దానికి షెడ్డులో పట్టే యంత్రం సరిపోతుంది. అంటే కొనేవాడికి ఎంత స్వచ్ఛత అవసరమో తెలిస్తే ఎంత చిన్నగా చేయొచ్చో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి, ఇండక్షన్ ఫర్నేస్‌కు వద్దాం. ఇందులో ఒక లోపం పుట్టుకతో ఉంది. లోపలి లైనింగ్ ఇసుకరాయి జాతి, సిలికా. ఇనుములోని భాస్వరం, గంధకం పోవాలంటే సున్నం వేసి క్షార గుణమున్న స్లాగ్ (కరిగిన లోహం మీద తేలే మడ్డి) తయారు చేయాలి. ఆ స్లాగ్ సిలికా లైనింగ్‌ను తినేస్తుంది. కాబట్టి అందులో శుద్ధి దాదాపు జరగదు. ఏది వేస్తే అదే దిగుతుంది. టీఎంటీకి ఐఎస్ 1786 ప్రమాణం ఉంది. ఫె 500డి గ్రేడ్‌కు భాస్వరం 0.040 శాతం, గంధకం 0.040 శాతం, రెండూ కలిపి 0.075 దాటకూడదు. బొగ్గుతో చేసిన స్పాంజ్ ఎక్కువ పోసి, నాసి తుక్కు కలిపితే ఈ హద్దు దాటడం నిమిషం పని. గంధకాన్ని పక్కన లాడిల్ రిఫైనింగ్ ఫర్నేస్ (కరిగిన ఉక్కును శుద్ధి చేసే ఇంకో కొలిమి) పెట్టి తగ్గించొచ్చు, భాస్వరం అలా లొంగదు. చైనా 2017లో ఇలాంటి ఇండక్షన్ ఫర్నేస్ కమ్మీల ప్లాంట్లను దేశమంతా మూయించింది. మన దగ్గర మూయించరు, కానీ ఇంజినీర్లు సైట్‌లో టెస్ట్ సర్టిఫికెట్ అడగడం ఏటికేడు పెరుగుతోంది.

చిన్నది కాబట్టి పొగ తక్కువ అనే భ్రమ కూడా వద్దు. తుక్కుతో నడిచేది నిజంగా శుభ్రమే. బొగ్గు స్పాంజ్‌తో నడిచేది టన్నుకు వదిలే కార్బన్ పెద్ద బ్లాస్ట్ ఫర్నేస్ కంటే తక్కువేమీ కాదు, చాలాచోట్ల ఎక్కువే.

ఇక కరెంటు. తుక్కు టన్ను కరగడానికి సుమారు 600 యూనిట్లు, స్పాంజ్ కలిపే కొద్దీ ఇంకా ఎక్కువ. ఫర్నేస్ ఆపినా బిల్లు ఆగదు. కాంట్రాక్టు డిమాండ్‌లో 80 శాతానికి ఛార్జీ కట్టాల్సిందే. సాయంత్రం పీక్ గంటల్లో రేటు ఎక్కువ కాబట్టి అందరూ రాత్రికి ఎగబడతారు. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పవర్ హాలిడే పెట్టారు గుర్తుందా? వారంలో ఒకరోజు బంద్, నిరంతరం నడిచే పరిశ్రమలు సగం కరెంటే వాడాలన్నారు. పెద్దవాళ్లకు సొంత పవర్ ప్లాంట్లు ఉన్నాయి. మాలాంటి చిన్న యూనిట్లకు లేవు.

అంతకు చాలా ఏళ్ల ముందు ఒక రాత్రి జరిగింది చెప్తాను. రెండున్నర ప్రాంతం, హీట్ ముప్పావు వంతు కరిగింది. కరెంటు పోయింది. కొత్తవాళ్లు లోహం గడ్డకడుతుందని భయపడతారు, అసలు భయం అది కాదు. ఫర్నేస్ చుట్టూ రాగి కాయిల్, అందులో నీళ్లు తిరుగుతూ ఉండాలి. నీళ్లు ఆగితే కాయిల్ కాలి చిల్లు పడుతుంది, ఆ నీళ్లు ద్రవ లోహంలో పడితే షెడ్డు పైకప్పు మిగలదు. పంపుకోసం జనరేటర్ ఉంది, కానీ దాని బ్యాటరీ మార్చమని నేను రెండు నెలలుగా అడుగుతున్నా మార్చలేదు. అది 'గుర్' మని ఆగిపోయింది. పైన ఎమర్జెన్సీ ట్యాంకు ఉండబట్టి వాల్వ్ తిప్పాం, నీళ్లు వాలుకు దిగాయి. చేత్తో హైడ్రాలిక్ పంపు కొడుతూ ఫర్నేస్‌ను అంగుళం అంగుళం వంచి ఉన్న లోహాన్ని గుంటలోకి పోసేశాం. ఒడిశా కుర్రాడు ఒకడు, ఇరవై ఏళ్లుంటాయి, నలభై నిమిషాలు ఆ చేతి పంపు వదల్లేదు. తెల్లారి చూస్తే లైనింగ్ మొత్తం పోయింది, మూడు రోజులు ఉత్పత్తి లేదు. యజమాని వచ్చి మొదట అడిగింది ఎంత మెటల్ నష్టమైందని. నేను బ్యాటరీ ధర చెప్పాను.

ఆ రాత్రి జరిగింది యజమాని పిసినారితనం వల్లే అనుకోకు. ప్రతి టన్ను మీద మిగిలేది తక్కువైనప్పుడు ముందు కోతపడేది ఇలాంటి వాటికే. బ్యాటరీ, లోహంలో ఏముందో చూసే స్పెక్ట్రోమీటర్ కాలిబ్రేషన్, తుక్కు ఏరే మనిషి. తుక్కులో మూతులు మూసుకుపోయిన పైపులు, పాత షాక్ అబ్జార్బర్లు వస్తాయి. ఏరకుండా వేస్తే లోపలి గాలి, నూనె కాగి బాంబులా పేలతాయి. కమ్మీల ధరను నువ్వు నిర్ణయించలేవు, పెద్దవాళ్లు, మార్కెట్ నిర్ణయిస్తాయి. తుక్కు ధరా నీ చేతిలో లేదు, కరెంటు రేటూ లేదు. మూడూ చేతిలో లేనివాడు తగ్గించగలిగేది ఆ బ్యాటరీ ఒక్కటే. అందుకే కమ్మీలు వద్దంటున్నాను.

మరి ఏం చేయొచ్చు? మీ బావకు ఫర్నేస్ మీద మనసుంటే మన చుట్టూ చూడమను. ఆ రోడ్డు పొడుగునా రాతి క్రషర్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు. మంగంపేట దగ్గర ముగ్గురాయి పొడిచేసే మిల్లులు. రాయిని నలిపే ప్రతి యంత్రంలోనూ అరిగిపోయే ముక్కలుంటాయి. క్రషర్ జా ప్లేట్లు (రాయిని నమిలే దవడ పలకలు), హామర్లు, మిల్లు లైనర్లు, గ్రైండింగ్ బాల్స్. రాయి ఉన్నంత కాలం ఇవి అరుగుతూనే ఉంటాయి. జా ప్లేట్ విరిగితే క్రషర్ ఆగుతుంది, ఆగిన ప్రతి రోజూ యజమానికి చేతిలో డబ్బు పోతుంది. అప్పుడు అతను కిలోకు రెండు రూపాయల తేడా చూడడు, ఎల్లుండికి వస్తుందా అని చూస్తాడు. దూరం నుంచి తెప్పించుకుంటే వారాలు పడుతుంది. పెద్ద ఫౌండ్రీలు నాలుగు ముక్కల ఆర్డరును పట్టించుకోవు. నీకు దొరికే సందు అదే.

కానీ దాని విద్య వేరు. జా ప్లేట్లకు వాడేది మాంగనీస్ స్టీల్, 11 నుంచి 14 శాతం మాంగనీస్ ఉంటుంది. 1882లో హ్యాడ్‌ఫీల్డ్ అనే ఆయన కనిపెట్టాడు, ఇప్పటికీ దానికి సాటి వచ్చింది తక్కువ. దెబ్బ తగిలే కొద్దీ పైపొర గట్టిపడుతుంది, లోపల సాగే గుణం అలాగే ఉంటుంది. దీనికి సిలికా లైనింగ్ పనికిరాదు, మాంగనీస్ దాన్ని తినేస్తుంది, మెగ్నీషియా జాతి లైనింగ్ వేయాలి. పోత పోసినంత మాత్రాన అయిపోదు. 1050 డిగ్రీల దాకా మళ్లీ కాచి, కొలిమి తలుపు తీసిన నిమిషంలోపు నీళ్లలో ముంచాలి. ఆలస్యమైతే కార్బైడ్లు, అంటే పెళుసు రేణువులు, ఉక్కు లోపలి గింజల అంచుల్లో పేరుకుంటాయి. ప్లేట్ చూడటానికి బాగానే ఉంటుంది, మొదటి పెద్ద రాయికే గాజులా విరుగుతుంది. నీళ్ల తొట్టి కూడా పెద్దదై ఉండాలి, నీళ్లు వేడెక్కితే లాభం లేదు. కొలిమి నుంచి తొట్టి దాకా ఎన్ని సెకన్లు అని నేను ఒక చోట వాచీ పెట్టి చూశాను. తొంభై పట్టింది. క్రేన్ అటు పక్కన ఉంది. క్రేన్ రైలు జరిపించాక ప్లేట్లు విరగడం ఆగింది. కెమిస్ట్రీ ఏమీ మార్చలేదు.

మొదట్లో అర టన్ను, టన్ను ఫర్నేస్ చాలు. ఒకే పవర్ ప్యాక్‌కు (కరెంటు ఇచ్చే యంత్రానికి) రెండు మూసలు, అంటే కరిగించే కుండలు, పెట్టుకుంటే ఒకటి లైనింగ్‌లో ఉన్నా ఇంకోటి నడుస్తుంది. కాలుష్య బోర్డు అనుమతులు స్థలం కొనే ముందే చూసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) తప్పకుండా చేయించండి. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెప్తుంది. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులోపు చెల్లించకపోతే కొన్నవాళ్లు ఆ ఖర్చును డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపన్ను లెక్కలో చూపించుకోవాలని తర్వాత నిబంధన వచ్చింది. అయినా పెద్ద ఫ్యాక్టరీల బిల్లు తొంభై రోజులకు వస్తే అదృష్టమనుకుని, అంత రొటేషన్ డబ్బు విడిగా పెట్టుకోండి. ఫర్నేస్ కొన్నాక చేతిలో రూపాయి మిగలని ప్లాన్ అయితే ఆ ప్లాన్ చింపేయండి.

పెట్టుబడి మాటెత్తే ముందు మీ బావ ఒక నెల రోజులు చేయాల్సిన పని ఉంది. బండి మీద కొలిమిగుండ్ల నుంచి కమలాపురం దాకా ఉన్న క్రషర్లన్నీ తిరగమను. ప్రతి చోటా మూడే ప్రశ్నలు: జా ప్లేట్ ఎన్నాళ్లు వస్తోంది, ఎక్కడ నుంచి తెస్తున్నారు, విరిగితే ఎన్ని రోజులు ఆగుతున్నారు. అరిగిన ముక్కలు మూలన పడి ఉంటాయి, వాటి ఫొటోలు తీయమను. కువైట్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషికి మన ఎండలో నెల తిరగడం కష్టం కాదు. ఆ నోటుబుక్కు పట్టుకుని ప్రొద్దుటూరు రండి, కూర్చుని లెక్క వేద్దాం.